సముద్రంలో నూనె, మా అరుగు మీద దీపం

సముద్రంలో నూనె బావులు తవ్వి తీరాలి! ఒకటి తవ్వి చేతులు దులుపుకుంటే కుదరదు. పడమటి సముద్రంలో తవ్వాలి, తూర్పు సముద్రంలో తవ్వాలి, దక్షిణాన రెండూ కలిసేచోట ఏమైనా జాగా మిగిలితే అక్కడా తవ్వాలి.

"మొదటి బావే ఇంకా పడలేదు కదమ్మా, అప్పుడే విస్తరణ ఏమిటి?" అని మీరు అడగవచ్చు. మీకూ మా ఇంటి అరుగుకూ ఉన్న తేడా అదే. మా అరుగు మీద ఏ పనినైనా మొదలుపెట్టకముందే విస్తరిస్తాం.

ఈ విషయంలో సలహా ఇవ్వడానికి నాకున్న అర్హత కూడా చెప్పాలి గదా! నేను సముద్రం చూడలేదు. చూసినవాళ్లకు సవాలక్ష సందేహాలు. అలలొస్తే ఎలా, తుఫాను లేస్తే ఎలా, ఇనుము తుప్పు పడితే ఎలా అని. నాకు అవేవీ అడ్డురావు. నేను చూసినవాటిలో అన్నిటికన్నా పెద్ద నీళ్లు నందికొండ దగ్గర డ్యాము కడుతున్నప్పటి కృష్ణ. అక్కడ కూడా కోతులు ఎత్తుకుపోతాయేమోనని సద్దిమూట వంకే చూస్తూ కూర్చున్నాను కాబట్టి నది సంగతీ నాకు పెద్దగా తెలియదు. ఇంతకంటే పక్షపాతం లేని మనిషి మీకెక్కడ దొరుకుతుంది?

మాది భువనగిరికి అవతల, గుట్టల నడుమ ఉన్న చేనేత ఊరు. ఇక్కడినుంచి ఏ దిక్కుకు బయల్దేరినా సముద్రం చేరేలోపు కట్టుకున్న రొట్టెలు అయిపోతాయి, దారిలో దిగడానికి చుట్టాలు కూడా అయిపోతారు. మా ఊళ్లో బావి కావాలంటే రాతికి మందు పెట్టి పేల్చాలి. పేలిస్తే చాలాసార్లు పొగ వస్తుంది. అలాంటి చోట కూర్చుని, నీళ్లు పుష్కలంగా ఉన్నచోట నూనె ఎలా తీయాలా అని ఆలోచిస్తున్నామంటే మా మనసులు ఎంత విశాలమో గమనించండి!

మావారు చేనేత సహకార సంఘంలో గుమాస్తా. పగలు సంఘం సంగతి, సాయంత్రం దేశం సంగతి చూసుకుంటారు. హైదరాబాదు పత్రిక మా ఊరికి సాయంత్రం బస్సులో వస్తుంది. అది వచ్చేసరికి పొద్దు గూకుతుంది. కాబట్టి ప్రపంచంలో ఎక్కడ ఏం జరిగినా మా ఇంట్లో కందిలి వెలగాల్సిందే.

అరుగు మీద సభ్యులు ముగ్గురు. మావారిది ఆర్థిక శాఖ. మావారికి తమ్ముడి వరసయ్యే భిక్షపతి కొన్నాళ్లు బొంబాయి మిల్లులో పనిచేసి వచ్చాడు. సముద్రం ఉన్న ఊళ్లో ఉండి వచ్చినవాడు కాబట్టి సముద్రం శాఖ అతనికిచ్చారు. ఇక కురుమయ్య రైతు. అతని బావి మీద ఆయిల్ ఇంజను ఉంది. నూనెతో నడిచే యంత్రానికి యజమాని కాబట్టి నూనె శాఖ అతనిది. ఆ బావిలో నీళ్లు లేవన్నది వేరే సంగతి. నీళ్లు లేనంత మాత్రాన ఇంజను చిన్నబుచ్చుకోదు. స్టార్టు చేస్తే చాలు, డుబుడుబుమని ఊరంతా వినబడుతుంది.

నిరుడు దసరా వెళ్లిన కొత్తలో పత్రికలో ఒక వార్త పడింది. గుజరాతు పక్కన సముద్రం అడుగున నూనె ఉండవచ్చునని నిపుణులు అనుమానిస్తున్నారట. అనుమానం నిపుణులది. నమ్మకం మావాళ్లది.

"సముద్రం ఎంత లోతుంటదే భిక్షపతీ?" అని కురుమయ్య మొదలుపెట్టాడు.

"లోతా? నీ బాయిల భువనగిరి గుట్టను దించి, దాని మీద ఇంకో గుట్ట పెట్టినా సుత మునుగుతది."

"నువ్వు చూసినవా?"

"బొంబయిల ఉండి చూడకుంట ఉంటనా అన్నా? మిల్లుల దినాం డూటీ. ఒక్క ఐతారం తీరిక దొరికితె పోయిన."

"ఎట్లున్నది మరి?"

"ఏడ కనవడ్డదే, జనం అడ్డం నిలవడ్డరు. సప్పుడు మాత్రం ఇన్న. మస్తు లోతు సప్పుడు!"

ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? సముద్రం లోతు తేలిపోయింది. ఇక మిగిలింది లాభనష్టాలు. అప్పుడు మావారు పంచె సవరించుకుని, గొంతు సవరించుకుని, "విదేశీ మారకద్రవ్యం" అన్నారు.

ఆ మాట వినగానే కురుమయ్యా భిక్షపతీ సర్దుకుని కూర్చున్నారు. ఆ మాటలో ఉన్న బలం అలాంటిది. మన నేలలో నూనె లేక పరాయి దేశాల దగ్గర కొంటున్నామనీ, మన రొక్కమంతా ఓడలెక్కి పోతున్నదనీ, మన సముద్రంలోనే నూనె పడితే ఆ రొక్కం ఇంట్లోనే ఉంటుందనీ మావారు విడమరిచి చెప్పారు.

తలుపు చాటున బియ్యం ఏరుతూ విన్న నాకు ఈ సిద్ధాంతం చప్పున అర్థమైంది. మా ఇంట్లో విదేశమంటే మా పుట్టిల్లు. కందులు, పసుపు, చింతపండు అక్కడినుంచే దిగుమతి. ఆ దేశంతో మా సంబంధాలు ఎప్పుడూ స్నేహంగానే ఉంటాయి, మా అన్న భార్య మూట కట్టేటప్పుడు తప్ప. ఆ కందులేవో మా పెరట్లోనే పండితే నేను ఎవరి ముందూ కొంగు పట్టనక్కర్లేదు కదా! సముద్రం కూడా దేశానికి పెరడేనని నాకు ఆ సాయంత్రం తెలిసింది.

"ఇంకో సంగతి ఇను," అన్నారు మావారు. "మన ఊరి నూనె రుమాళ్లు ఓడెక్కి అరబ్బు దేశాలకు పోతున్నయి. ఆళ్లు మన నూనెను నెత్తికి చుట్టుకుంటుండ్రు. మనం ఆళ్ల నూనెను కందిలిల పోసుకుంటున్నం. ఎవలకు లాభం?"

ఎవరికో ఎవరూ చెప్పలేకపోయారు. అయినా ప్రశ్న చాలా బాగుందని అందరూ ఒప్పుకున్నారు.

ఇక్కడ నూనె రుమాలు అంటే ఏమిటో తెలియని పట్నం పాఠకులకు ఒక మాట చెప్పాలి. మా ఊరి ఎర్ర రుమాలు మగ్గం మీదికి ఎక్కకముందే సగం జీవితం చూస్తుంది. ఆముదపు కాయల పొట్టు కాల్చిన బూడిద నీళ్లు, ఆముదం, గొర్రె పెంట కలిపి అందులో నూలును పిసకాలి. ఎండబెట్టాలి. మళ్లీ పొద్దున పిసకాలి. ఇలా చాలా రోజులు. నూలు నూనె తాగితేనే ఎరుపు దానికి అంటుకుంటుంది, ఎన్ని ఉతుకులకైనా దిగదు. పిసికే పని ఆడవాళ్లది. వాసన ఇంటిల్లిపాదిదీ.

ఈ విద్యలో మా అత్తమ్మ రామమ్మను మించినవాళ్లు మా వీధిలో లేరు. ఆమె ఎరుపుకు పేరుంది. సంక్రాంతి రోజుల్లో నాంపల్లి నుమాయిష్‌లో సంఘం వాళ్లు స్టాలు పెడుతున్నారు. స్టాలు ముందర ఎర్రనూలు చిలపలు వేలాడదీయాలనీ, అవి రామమ్మ చేతివే కావాలనీ ప్రెసిడెంటు స్వయంగా వచ్చి అడిగి వెళ్లాడు. చిలప అంటే చుట్టి పెట్టిన నూలు కట్ట.

అత్తమ్మ పట్నం చూడలేదు. ఆమె ఎర్రగా చేసిన నూలు సముద్రాలు దాటింది గాని, ఆమె బస్సు దాటి ఎరగదు. "నా నూలు నాంపల్లిల ఏలాడుతుంటె నేను ఎదురుంగ నిలవడి చూడాలె," అంది. కోరికలు చెప్పే మనిషి కాదామె. అందుకే ఇంట్లో అందరం ఆ మాట విన్నాం.

సరిగ్గా అప్పుడే కేతేపల్లిలో మా చివరి ఆడబిడ్డకు కాన్పు వచ్చింది. అత్తమ్మ వెళ్లక తప్పలేదు. వెళ్తూ నాకు నూలు అప్పజెప్పింది.

"శారదా, దినాం పొద్దుగాల బూడిద నీళ్లల్ల నూనె కలిపి పిసుకు. డబ్బల ఆముదం నూలుకు సరిపోను ఉన్నది. తక్కువ చెయ్యకు. నూనె తక్కువైతె ఎరుపు నిలువదు. వెలిసిపోయిన నూలు పంపితె పట్నపోల్ల ముంగట నా ఇజ్జత్ పోతది."

"ఫికర్ చెయ్యకు అత్తమ్మా," అన్నాను. నాకు చేతకానిదేముంది? నేను రచయిత్రిని!

ఆమె బస్సెక్కిన రెండోనాడు ఊళ్లో గాసునూనె అయిపోయింది. మేం గాసునూనె అనే దాన్నే మీరు కిరసనాయిలు అంటారు. లారీ రాలేదన్నారు. వచ్చిందన్నారు. వచ్చి వెళ్లిపోయిందన్నారు. నేను సీసా పట్టుకుని కొట్టు ముందు లైనులో నిలబడ్డాను. లైను వల్ల లాభాలు లేవని అనుకునేరు! ఎవరింట్లో ఏం వండారో, ఎవరి కోడలు ఎందుకు అలిగిందో, ఇంట్లో కూర్చుంటే ఎవరొచ్చి చెబుతారు? నా కథల్లో సగం పాత్రలు ఆ లైనులో నా ముందూ వెనకా నిలబడ్డవాళ్లే. దేశంలో నూనె కరువు తీరిపోతే తెలుగు కథ ఏమైపోతుందోనని నాకు అప్పుడప్పుడు దిగులు.

లైను బాగానే సాగింది గాని, నూనె రాలేదు. ఆ సాయంత్రం కందిలి రెపరెపలాడి ఆరిపోయింది. సరిగ్గా అప్పుడే పత్రికలో సముద్రం నూనె మీద పెద్ద వ్యాసం! చీకట్లో మావారి గొంతు వినిపించింది.

"ఏమే, ఇంట్ల ఏమన్న నూనె ఉన్నదా?"

ఉంది. కానీ అది నూలుది. ఆ మాటే చెప్పబోయాను. అంతలో భిక్షపతి ఒక మాట అన్నాడు. నన్ను నిలువునా ముంచిన మాట.

"వదినె పత్రికలకు రాస్తది. గీ సముద్రం సంగతి ఆమెను సుత అడుగుండ్రి. ఇంట్ల ఎందుకు కూసున్నవ్ వదినే, జర బయటికి రా!"

పాఠకులారా, నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి కొడుకుకూ కూతురికీ పెళ్లిళ్లు చేశాను. ఇన్నేళ్లలో ఆ అరుగు మీదికి నన్ను మంచినీళ్లు తెమ్మని పిలిచారు, వక్కలు తెమ్మని పిలిచారు, దీపం తెమ్మని పిలిచారు. అభిప్రాయం తెమ్మని పిలవడం అదే మొదలు. అలాంటప్పుడు మనిషి చీకట్లో మాట్లాడుతుందా? మొహం కనబడొద్దూ?

పూజలో పెట్టే ఇత్తడి దీపపు సెమ్మె తెచ్చాను. ఆముదం డబ్బా మూత తీశాను. ఒక్క గరిటె అనుకున్నాను. అయితే పత్రిక అక్షరాలు చిన్నవి, ఒత్తి లావుగా ఉండాలి. లావు ఒత్తికి ఒక్క గరిటె ఏం చాలుతుంది?

గడప మీద కూర్చుని నా అభిప్రాయం చెప్పాను. "ఒక్క బాయి తోటి ఏమైతది? విస్తరించాలె!" అన్నాను. అవును, ఆ మాట నాదే. కురుమయ్య నోరు తెరిచాడు. భిక్షపతి తొడ చరిచాడు. మావారు నన్ను కొత్తగా చూశారు. పెళ్లినాడు కూడా అలా చూసిన గుర్తు లేదు.

మరునాడు కూడా పిలిచారు. ఆ మరునాడు కూడా. ఒక సాయంత్రం తూర్పు సముద్రం, ఒక సాయంత్రం పడమటి సముద్రం. ఒకనాడు నూనె పడ్డాక దాన్ని ఏ దేశానికి అమ్మాలి, ఏ దేశానికి అమ్మకుండా ఏడిపించాలి అన్నదాని మీద పోట్లాట. దీపం కుంగినప్పుడల్లా నేనే లేచి వెళ్లి నింపుకొచ్చాను. వేరే ఎవరైనా లేస్తే నా వంతు మాట ఎక్కడ పోతుందోనని!

పొద్దున పిసికేటప్పుడు డబ్బా తేలికవుతున్నట్టు తెలుస్తూనే ఉంది. దానికేం, బూడిద నీళ్లు కొంచెం ఎక్కువ పోశాను. దేశమంతా పొదుపు చెయ్యమని మంత్రులు చెబుతుంటే నూలు మాత్రం పొదుపు చేయొద్దా? నూలు ఏమీ అనలేదు. అందుకే అంగీకరించిందనుకున్నాను.

అత్తమ్మ కేతేపల్లి నుంచి దిగింది. మనవరాలు పుట్టిన సంగతి చెప్పింది, కాళ్లు కడుక్కుంది, తిన్నగా నూలు దగ్గరికి వెళ్లింది. ఒక చిలప తీసి చెంపకు ఆనించుకుంది. వాసన చూసింది.

"డబ్బ ఏదే?"

తెచ్చి ఇచ్చాను. బోర్లిస్తే చుక్క పడలేదు. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. సముద్రం సంగతి, మారకద్రవ్యం సంగతి, విస్తరణ సంగతి. ఎంత వివరంగా చెబితే నా తప్పు అంత చిన్నదవుతుందని నా ఆశ.

అత్తమ్మ అంతా విని, "అంటె, లేని నూనె తవ్వెటందుకు ఉన్న నూనె కాలవెట్టిండ్రా?" అంది.

మావారు అడ్డం వచ్చారు. "అమ్మా, అది దేశం సంగతే. నీకు సమజ్ కాదు."

"నా నూలు ఏ దేశంల ఉన్నదిరా?"

ఆర్థిక శాఖ పత్రిక చేతపట్టుకుని అరుగు మీదికి జారుకుంది. అత్తమ్మ కేకలు వేయలేదు. నూలు చిలపలన్నీ ఒళ్లో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. "ఇగ పట్నం ఏం పోత తియ్," అంది మెల్లగా. ఆ మాట మాత్రం నాకు సముద్రమంత లోతుగా దిగింది.

మళ్లీ మొదటినుంచి పిసికితే నుమాయిష్‌కు ఇంకా టైముంది. నూనె కావాలి. గానుగలో ఆడించిన నూనె అత్తమ్మకు పనికిరాదు. గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడికించి తీసిన వంటాముదమే కావాలి. అది మా ఊళ్లో తీసేది కురుమయ్య భార్య గోపమ్మ. ముంత పట్టుకుని వాళ్ల ఇంటికి వెళ్లాను.

"నూనె కోసం వచ్చినవా శారదక్కా?" అంది గోపమ్మ. "మీ అరుగు మీద సముద్రాలు పారుతుండె గద, అండ్లకెల్లి ఒక్క ముంత ముంచుకోరాదు?"

నేను నవ్వబోయాను. ఆమె నవ్వలేదు.

"మా ఆయన దినాం పొద్దు గూకంగనె మీ అరుగెక్కుతడు, పొద్దు పొడిచినంక నిద్ర లేస్తడు. ఈడ చేన్ల గెలలు ఎండి, కాయలు పటపట పగులుతున్నయి. గింజలన్ని మట్టిల పడుతున్నయి. ఒక్కదాన్ని ఎన్ని కోస్త? నూనె కావాల్నా, గంప పట్టుకోని చేన్లకు నడు!"

నడిచాను. కలం పట్టిన చేయి అని ఎన్నిసార్లు రాసుకున్నానో ఆ చేతిని. ఆముదపు గెల పట్టుకున్న రెండు నిమిషాలకే అది కలాన్ని మరిచిపోయింది. కాయకు ముళ్లుంటాయని నా కథల్లో ఎక్కడా రాయలేదు. నా నడుం సంగతి చెప్పను, ఇది ఆడవాళ్లు మాత్రమే చదివే పత్రిక కాదు. రెండో రోజుకు అత్తమ్మ కూడా కొంగు బిగించి వచ్చింది. ముగ్గురం కోసి, ఎండబోసి, గింజలు ఒలిచాం. మా జిల్లాలో ఎటు చూసినా ఆముదం చేనే. నా జన్మంతా ఆ చేల పక్కనుంచే నడిచాను. చూడలేదని చెప్పలేను. చూడదగ్గ వస్తువని ఎవరూ చెప్పలేదు!

గోపమ్మ పెరట్లో పెద్ద కాగు ఎక్కించింది. దంచిన ముద్ద నీళ్లలో కుతకుతలాడింది. కాసేపటికి పసుపుపచ్చని నూనె పైకి తేలింది. ఆమె దాన్ని తెడ్డుతో నెమ్మదిగా పక్కకు తీసుకుంటూ నన్ను అడిగింది.

"నాకు తెల్వక అడుగుత అక్కా. నీళ్లల్ల నూనె పైకి తేలాలె గద. గా సముద్రంల అడుక్కెందుకు పోయింది?"

అడుగున రాయి ఉంటుందనీ, రాతిలో ఇరుక్కుంటుందనీ నేను పత్రిక జ్ఞానం విప్పాను.

"రాతిల ఉంటె మన దిక్కు ఉండాలె గద! మనకాడున్నంత రాయి ఏడున్నది?"

దీనికి నిపుణులే జవాబు చెప్పాలి. నేను మాత్రం పొగకు కళ్లు తుడుచుకుంటూ ఆ కాగు వంక చూస్తున్నాను. నీళ్లు, వాటి మీద నూనె, పక్కన నిలబడి తీస్తున్న మనిషి. మావాళ్లు దసరా నుంచి గొంతులు పోయేలా అడుగుతున్న పథకం ఇక్కడ కట్టెల పొయ్యి మీద నడుస్తోంది. విదేశీ నిపుణులు లేరు. ఓడలు లేవు. మారకద్రవ్యం కూడా ఇంట్లోనే ఉంది.

మరి దీని గురించి పత్రికలో ఎందుకు రాదు? మా అరుగు మీద ఒక్క సాయంత్రమైనా ఎందుకు చర్చకు రాలేదు?

నేను తీవ్రంగా ఆలోచించి కనుక్కున్నాను. ఈ నూనెకు ఒక పెద్ద లోపం ఉంది. ఇది లోతులో లేదు. మనిషి ఛాతీ ఎత్తున, గెలకు వేలాడుతూ, చెయ్యి చాపితే అందేచోట ఉంది. పైగా కోసేది ఆడది, దంచేది ఆడది, ఉడికించేది ఆడది, నూలుకు తాగించేది ఆడది. ఇన్ని లోపాలున్న దాన్ని ఆర్థిక శాస్త్రం అని ఎలా అంటారు? మీరే చెప్పండి!

కాబట్టి ప్రభుత్వానికి నాదొక మనవి. ఆముదం చేలన్నిటినీ వెంటనే సముద్రం అడుక్కి మార్చాలి. అప్పుడు గాని మావారి కళ్లకు కనబడవు.

ముంత నిండా నూనెతో ఇంటికి వచ్చాం. ఈసారి అత్తమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తనే పిసికింది. డబ్బా ఆమె మంచం కింద. నూలు ఆరబెట్టడానికి మా ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువ ఎండ తగిలే చోటు ఏదో ఆమెకు అప్పుడే గుర్తొచ్చింది. వీధి అరుగు! బూడిద, గొర్రె పెంట, ఆముదం మూడూ కలిసిన చిలపలు అరుగు నిండా పరుచుకున్నాయి. పొద్దు గూకినా ఆమె వాటిని తీయలేదు. సాయంత్రం బస్సు వచ్చింది, పత్రిక వచ్చింది, సభ్యులు వచ్చారు. వీధిలో నిలబడి, ముక్కులు మూసుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"కూసోండ్రి కురుమయ్యా," అంది అత్తమ్మ లోపల్నుంచి. "నూనె మీదనే గద మాట్లాడుకునేది!"

కురుమయ్య ఆ సాయంత్రం నుంచి ఇంటిదగ్గరే ఉంటున్నాడని గోపమ్మ చెప్పింది. ఇప్పుడు ఆమెకు అదొక కొత్త బాధట.

నూలు రంగు తొట్టిలోంచి బయటికి వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. అత్తమ్మ చిలపను పిండి, విదిలించి, ఎండకు ఎత్తి పట్టుకుంది. ఆ ఎరుపు గురించి వర్ణించమంటే నా వల్ల కాదు. ఎన్నో కథలు రాసిన దాన్ని, ఒప్పుకుంటున్నాను. అత్తమ్మ మాత్రం, "ఆఁ, తాగింది," అంది. అంతే.

నుమాయిష్‌కు మావారు ఆమెను తీసుకెళ్లారు. నేను ఇంట్లోనే ఉన్నాను. గాసునూనె లారీ వస్తుందని అన్నారు మరి.

మరునాడు సాయంత్రం బస్సులో ఇద్దరూ దిగారు. చిలపలు పట్నం చేరాయి కాబట్టి అరుగు ఖాళీ అయింది. భిక్షపతీ కురుమయ్యా అప్పటికే వచ్చి కూర్చున్నారు. మావారు చెప్పులు విడవకుండానే మొదలుపెట్టారు. ఒక స్టాలులో సముద్రంలో నిలబడి నూనె తోడే యంత్రం బొమ్మ పెట్టారట. గోడంత బొమ్మట. దాని కాళ్లు ఇంతింత ఉన్నాయట. ఈయన మూసేదాకా దాని ముందే నిలబడ్డారట.

నేను అత్తమ్మ పక్కన చేరాను. "నూలు ఎట్లున్నది అత్తమ్మా? చూసినవా?"

"చూసిన. మంచిగ ఏలాడదీసిండ్రు." ఆమె కాళ్లు చాపుకుని మోకాళ్లు ఒత్తుకుంటోంది. "గని ఎవ్వలు ఆగరే. వచ్చేటోల్లు వస్తుండ్రు, పొయ్యేటోల్లు పోతుండ్రు. ఒకామె దగ్గరికొచ్చి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోని, ఇదేం నూనె అని అడిగింది. ఆముదం అన్న. పోయింది."

"అయ్యో!"

"ఇంకొకాయన అడిగిండు. ఆముదం అన్న. ఆయన సుత పోయిండు. అందరు గా బొమ్మ కాడికే ఉరుకుడు. నా కొడుకు సుత ఆడనే ఉండె." ఆమె ఒకసారి మావారి వంక చూసింది. "మల్ల ఒకాయన వచ్చిండు. కండ్లద్దాలు పెట్టుకున్నడు. ఏం నూనె అవ్వా అన్నడు. సముద్రంల తీసిన నూనె అన్న."

అరుగు మీద ముగ్గురూ ఇటు తిరిగారు.

"అత్తమ్మా!" అన్నాను.

"అత్తమ్మా ఏందే? అందరు నిలవడ్డరు! ఆయన ఇంకో నలుగుర్ని పిలిచిండు. ఒకల మీద ఒకలు పడి ముట్టుకోని చూసిండ్రు. గింత ఎరుపు ఎట్లొచ్చింది, గిది ఎన్నడన్న వెలుస్తదా అని అడిగిండ్రు. వెలువదు బిడ్డా, నేను పోయినా సుత వెలువదు అన్న. ప్రెసిడెంటు ఉరికొచ్చి, ఏందమ్మా గీ గుంపు అన్నడు."

ఆమె మొహంలో అలాంటి వెలుగు నేను ఎన్నడూ చూడలేదు. అది ఎవరి నూనెనో పోసి వెలిగించింది కాదు.

మావారు నెమ్మదిగా చెప్పులు విడిచారు. కురుమయ్య పత్రిక మడత పెట్టాడు.

ఇప్పుడు చెప్పండి. సముద్రంలో నూనె తవ్వితే దేశానికి లాభం లేదని ఇంకా ఎవరైనా అంటారా? ఇంకా ఒక్క చుక్కయినా బయటికి రాలేదు, అప్పుడే మా అత్తమ్మ ఎరుపును పదిమంది ఆగి చూశారు!